రెండు చేతులు, రెండు కాళ్ళు
పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: ఇంటి రికార్డింగు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో డ్రమ్స్ గురించినవే ఎక్కువ. కంప్యూటరులో కూర్చిన డ్రమ్స్ మనిషి వాయించినట్టు ఎందుకు వినిపించవన్నది వాటిలో చాలామంది పడుతున్న బాధ. కాబట్టి ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నేను ఇంట్లో కంప్యూటరు మీద భక్తి పాటలకు నేపథ్య సంగీతం కూరుస్తుంటాను. డ్రమ్స్ కోసం డబ్బు పెట్టి మంచి సాఫ్ట్‌వేరు కొన్నాను. అందులోని శబ్దాలన్నీ అసలు డ్రమ్స్ నుంచి రికార్డు చేసినవే. అయినా పాట విన్నవారు "కీబోర్డులో రిథమ్ పెట్టావా?" అని అడుగుతున్నారు. ఒక ట్రాకు పంపుతున్నాను. లోపం ఎక్కడుందో చెప్పగలరా?
– ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: మీ ట్రాకును మూడుసార్లు విన్నాను. శబ్దాలు బాగున్నాయి. వాటిని వాయించే మనిషే కనిపించడం లేదు. రెండో చరణానికి ముందు టామ్‌ల (లోతుగా పలికే డ్రమ్ముల) మీద రోల్ (వేగంగా పడే వరుస దెబ్బలు) నడుస్తున్నంతసేపూ హై-హ్యాట్ (పెడల్‌తో మూసి తెరిచే కంచు పళ్ళేల జత) కూడా ఆగకుండా మోగుతోంది. రోల్ ముగిసేచోట పదునుగా పలికే స్నేర్ డ్రమ్ముతో కలిపి ఒకేసారి రెండు క్రాష్ సింబళ్ళు (పెద్దగా మోగే కంచు పళ్ళేలు) పడ్డాయి, ఆ క్షణంలోనూ హై-హ్యాట్ ఆగలేదు. లెక్కపెడితే అక్కడ నాలుగు చేతులు కావాలి. డ్రమ్మరుకు ఉన్నవి రెండు చేతులు, రెండు కాళ్ళు. కుడికాలు కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) మీద, ఎడమకాలు హై-హ్యాట్ పెడల్ మీద ఉంటాయి. తక్కినదంతా ఆ రెండు చేతులే పంచుకోవాలి. కనుక మొదట చేయవలసిన పని ఏమిటంటే, ట్రాకును నెమ్మదిగా నడిపించి, బల్ల మీద మీ చేతులతో, నేల మీద మీ కాళ్ళతో అదే వరుసను కొట్టి చూడడం. మీకు వేగం అందకపోయినా ఫరవాలేదు, ఏ దెబ్బ ఏ చేతిదో చెప్పగలిగితే చాలు. ఏ చేతికీ చెందని దెబ్బ దొరికితే దానిని తీసివేయండి. రోల్ సాగుతున్నప్పుడు హై-హ్యాట్ వినబడి తీరాలనుకుంటే ఎడమకాలితో నొక్కే పెడల్ శబ్దాన్ని లెక్కకు (బీటుకు) ఒకటి చొప్పున పెట్టండి. వాయిద్యాలూ కంప్యూటర్లూ నోట్లను అంకెలుగా పంపుకునే పద్ధతి మిడి; దాని జనరల్ మిడి పట్టికలో అది 44వ నోటు. పుల్లతో కొట్టే మూసిన హై-హ్యాట్ 42, తెరిచినది 46.

ఇక దెబ్బల బలం. మిడిలో ప్రతి దెబ్బ వెంట అది ఎంత గట్టిగా పడిందో తెలిపే ఒక అంకె ఉంటుంది. వెలాసిటీ అనే ఆ అంకె 1 నుంచి 127 వరకు ఉండవచ్చు. మౌసుతో గీసిన నోట్లన్నీ సాధారణంగా ఒకే అంకెతో పడతాయి, మీ హై-హ్యాట్ మొత్తం 100 మీదే ఉంది. మీరు కొన్న సాఫ్ట్‌వేరులో ఒక్కొక్క వాయిద్యాన్ని మెల్లగానూ, మధ్యస్థంగానూ, గట్టిగానూ వేరువేరుగా కొట్టి రికార్డు చేశారు. వెలాసిటీ మారితే శబ్దం హెచ్చడం తగ్గడంతో ఆగదు, వినిపించే రికార్డింగే మారిపోతుంది. మెల్లగా తగిలిన స్నేర్‌కూ, బలంగా పడిన స్నేర్‌కూ నాదంలోనే తేడా ఉంటుంది. అన్నింటినీ 100 మీద ఉంచడమంటే, ఇరవై రుచులున్న విందుకు వెళ్ళి ఒక్క పప్పన్నమే తిని రావడం.

చిన్న ఉదాహరణ చెబుతాను. నిమిషానికి 100 లెక్కల వేగంలో, నాలుగు లెక్కల ఆవర్తానికి ఎనిమిది హై-హ్యాట్ దెబ్బలు వేస్తున్నారనుకోండి. వాటికి వరుసగా 96, 62, 84, 58, 98, 60, 82, 66 అని ఇచ్చి చూడండి. లెక్క మీద పడే దెబ్బ బలంగానూ, లెక్కల నడుమ పడేది తేలికగానూ ఉంది, ఎందుకంటే పుల్ల ఒకసారి మెడభాగంతో అంచుకు తగిలి, తిరిగి పైకి లేచేటప్పుడు కొనతో పైభాగాన్ని తాకుతుంది. రెండో లెక్కలోనూ, నాలుగో లెక్కలోనూ హై-హ్యాట్ కాస్త తగ్గింది, ఎందుకంటే అప్పుడు ఎడమచేయి స్నేర్ మీద బలంగా పడుతోంది, దేహం బరువు అటు వాలుతోంది. ఆఖరి 66 తరువాతి ఆవర్తం కోసం చేయి ఎత్తుకోవడం. స్నేర్‌కు రెండో, నాలుగో లెక్కల మీద 110 నుంచి 116 దాకా ఇవ్వండి. ఆ రెండింటి మధ్య ఎడమచేయి ఊరికే ఉండదు, 22 నుంచి 35 లోపు బలంతో రెండు మూడు చోట్ల తోలును తడుముతూ ఉంటుంది. వీటిని ఘోస్ట్ నోట్లు అంటారు. విడిగా వింటే ఉన్నాయో లేవో తెలియదు, తీసివేసి వింటే మాత్రం పాట ఒక్కసారిగా కుంటుతుంది.

వేగం పెరిగినప్పుడు ఇంకొక చిక్కు వస్తుంది. నిమిషానికి 140 లెక్కల వేగంలో లెక్కకు నాలుగు హై-హ్యాట్ దెబ్బలంటే సెకనుకు తొమ్మిదికి పైగా. అన్నింటినీ ఒక చేత్తో కొట్టడం చాలామందికి సాధ్యం కాదు, అందుకని డ్రమ్మర్లు రెండు చేతులనూ మార్చి మార్చి వాడతారు. అలా వాడేటప్పుడు స్నేర్ పడవలసిన లెక్కకు కుడిచేయి హై-హ్యాట్‌ను విడిచి స్నేర్ మీదికి రావాలి. ఆ ఒక్క క్షణం హై-హ్యాట్ మోగదు. వేగమైన పాటలలో ఆ దెబ్బలను తీసివేసి చూడండి, స్నేర్ తనంతట తాను ముందుకు వస్తుంది.

మిగిలింది కాలం. 100 లెక్కల వేగంలో లెక్కలో నాలుగో వంతు 150 మిల్లీసెకన్లు. అందులో 8 లేక 10 మిల్లీసెకన్లు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, స్నేర్‌ను పాట పొడుగునా అంతమేర వెనక్కి (ఆలస్యంగా పడేలా) జరిపితే నడక నింపాదిగా, వాలుగా మారుతుంది. భక్తి పాటకు అది బాగా నప్పుతుంది. కిక్‌ను గ్రిడ్ (తెర మీద లెక్కలను చూపే గీతలు) మీదే ఉంచండి. ఒక లెక్కలోని జంట దెబ్బలను సమానంగా కాక పొడుగు–పొట్టిగా విడదీయడాన్ని స్వింగ్ అంటారు. 1980లో రోజర్ లిన్ తయారుచేసిన ఎల్‌ఎం-1 డ్రమ్ మెషీన్‌లో అసలు డ్రమ్స్ నుంచి తీసిన సాంపిళ్ళతో (రికార్డు చేసిన విడి శబ్దాలతో) పాటు ఈ సదుపాయమూ ఉంది. 50 శాతమంటే రెండు భాగాలూ సమానం. 66 శాతం దగ్గర అది ఇంచుమించుగా మన తిశ్ర నడ అవుతుంది, మూడింట రెండు వంతులు ముందు దెబ్బకు, ఒక వంతు వెనుక దెబ్బకు. 54 నుంచి 58 శాతం మధ్య ఉంచితే చతురశ్రం (నాలుగు నాలుగుగా సాగే నడక) చెడకుండా చిన్న ఊపు వస్తుంది. మృదంగం వింటూ పెరిగిన చెవికి ఈ తేడా వెంటనే తెలిసిపోతుంది, కాబట్టి అంకెను చూడకుండా కళ్ళు మూసుకుని జరపండి.

ప్రశ్న: ఇంత శ్రమ ఎందుకు? సాఫ్ట్‌వేరులో "హ్యూమనైజ్" అని దెబ్బలను మనిషి వాయించినట్టు కాస్త అటూ ఇటూ జరిపే ఒక మీట ఉంది కదా, అది నొక్కితే సరిపోదా?
– ఒక విద్యార్థి, శ్రీకాళహస్తి

సమాధానం: సరిపోదు. ఆ మీటను నేనే ఒకసారి నమ్మి నవ్వులపాలయ్యాను. గంగమ్మ జాతర కోసం ఒక పాట చేస్తూ, గడువు దగ్గరపడిందని అన్ని దెబ్బలకూ 30 మిల్లీసెకన్ల దాకా హెచ్చుతగ్గులు వచ్చేలా ఆ మీటను తిప్పి ఊరుకున్నాను. మరునాడు గాయని వచ్చి పల్లవి రెండుసార్లు అందుకుని, హెడ్‌ఫోను తీసి పక్కన పెట్టి, "అన్నా, ఈయనెవరో తాగి వాయించినాడే" అంది. నిజమే. ఆ మీట వేసేది పాచికలు. కిక్ ఒకచోట ముందు, మరొకచోట వెనుక, ఎక్కడా ఒక క్రమం ఉండదు. మనిషి తప్పులో క్రమం ఉంటుంది: రోల్ వేసేటప్పుడు తొందరపడతాడు, క్రాష్ కొట్టాక కాస్త నిలదొక్కుకుంటాడు, పల్లవికి వచ్చేసరికి ఉత్సాహంతో వేగం నిమిషానికి ఒకటో రెండో లెక్కలు పెంచుతాడు. ఈ పనులను మీరే చేతితో పెట్టండి. టెంపో ట్రాకులో పల్లవికి 100, చరణానికి 99, ఆఖరి పల్లవికి 101 అని రాయడానికి ఒక నిమిషం పట్టదు. అంతా అయ్యాక మిగిలిన కాస్త బిగువు పోవడానికి హ్యూమనైజ్‌ను 3 మిల్లీసెకన్లకు మించకుండా వాడితే నాకు అభ్యంతరం లేదు.

ప్రశ్న: మాది పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రా. నేను ఆక్టోప్యాడ్ (పుల్లలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్) వాయిస్తాను. దానిని కంప్యూటరుకు కలిపి వాయిస్తుంటే దెబ్బ పడిన తరువాత ఎప్పటికో శబ్దం వస్తోంది. రికార్డయిన నోట్లు చూస్తే గ్రిడ్‌కు అటూ ఇటూ ఉన్నాయి. అన్నింటినీ క్వాంటైజ్ చేసేయమని (గ్రిడ్ మీదికి లాగేయమని) స్నేహితుడు అంటున్నాడు. చేయవచ్చా?
– ఒక వాద్యకారుడు, చిత్తూరు

సమాధానం: మీ చేతిలో ఉన్నది మిగతా ఉత్తరాలవారికి లేని భాగ్యం. వారు అంకెలతో తంటాలు పడి తెచ్చుకోవలసిన ప్రాణం మీ మణికట్టులోనే ఉంది. దానిని క్వాంటైజ్‌తో చదును చేయకండి.

ఆలస్యం సంగతి ముందు చూద్దాం. సాఫ్ట్‌వేరు సెట్టింగులలో బఫర్ (కంప్యూటరు ఒక్కో విడతకు పోగుచేసుకునే శబ్దం) 1024 సాంపిళ్ళ మీద ఉండి ఉంటుంది. సెకనుకు 44,100 సాంపిళ్ళ (శబ్దపు అతిచిన్న ముక్కల) రేటులో అది ఒక్కటే దాదాపు 23 మిల్లీసెకన్లు, దానికి మరికొంత కలుస్తుంది. 128కి తగ్గిస్తే 3 మిల్లీసెకన్లకు దిగుతుంది. విండోస్ అయితే మీ ఆడియో ఇంటర్‌ఫేస్‌కు (శబ్దాన్ని కంప్యూటరుకు చేర్చే పెట్టెకు) సంబంధించిన ఏసియో డ్రైవరును (ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేరును) ఎంచుకోండి. కంప్యూటరు పాతదై, బఫర్ తగ్గించగానే చిటపటలాడితే, రికార్డు చేసేటప్పుడు ఆక్టోప్యాడ్ సొంత శబ్దాన్నే హెడ్‌ఫోనులో వింటూ వాయించండి. కంప్యూటరు మిడిని మాత్రం పట్టుకుంటుంది, మంచి డ్రమ్స్ శబ్దాన్ని ఆ తరువాత తగిలించుకోవచ్చు. 36 కిక్‌కు, 38 స్నేర్‌కు వచ్చేలా ప్యాడ్‌లకు నోటు సంఖ్యలు కేటాయిస్తే చాలా డ్రమ్ సాఫ్ట్‌వేర్లు మారుమాట లేకుండా అందుకుంటాయి.

రికార్డయిన తరువాత నోట్లన్నీ ఒకే దిశలో, అంటే అన్నీ వెనుకకే ఉంటే అది మీ లోపం కాదు, యంత్రపు ఆలస్యం. ట్రాకు మొత్తాన్ని ఒక్కసారిగా ముందుకు జరపండి. అప్పటికీ చెవికి గుచ్చుకునే దెబ్బలను మాత్రమే ఎంచుకుని, క్వాంటైజ్ బలం 50 శాతం దగ్గర పెట్టి సరిచేయండి. సగం దూరం దగ్గరవుతాయి, నడక పోదు.

మరొక మాట. పెళ్ళి వేదికల మీద, వంద కుర్చీల అవతలికి వినబడాలని వాయించి వాయించి చేతికి ఒకటే బలం అలవాటై ఉంటుంది. మీ నోట్ల వెలాసిటీలు చూడండి, సగం 127 దగ్గర గుద్దుకుని ఉంటాయని నా అనుమానం. ఆక్టోప్యాడ్‌లో సెన్సిటివిటీ తగ్గించి, మామూలు దెబ్బ 90 ప్రాంతంలో పడేలా చూసుకుంటే, నిజంగా గట్టిగా కొట్టవలసినచోట కొట్టడానికి చోటు మిగులుతుంది.

ప్రశ్న: ఇవన్నీ నేర్చుకోవాలని ఉంది, ఖరీదైన సాఫ్ట్‌వేరు కొనే స్తోమత లేదు.
– ఒక పాఠకురాలు, పలమనేరు

సమాధానం: కొననక్కరలేదు. హైడ్రోజన్ అనే డ్రమ్ ప్రోగ్రాము పూర్తిగా ఉచితం. ఎంటీ పవర్ డ్రమ్ కిట్ కూడా ఉచితంగానే దొరుకుతుంది, దాని శబ్దం ఆ ధరకు ఆశించేదానికన్నా చాలా మెరుగు. రికార్డింగుకు రీపర్‌ను 60 రోజులు పూర్తిగా వాడి చూడవచ్చు, నచ్చితే కొనుక్కోవచ్చు. ఇంట్లో మాక్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ ఎలాగూ ఉచితమే. పైన చెప్పిన వెలాసిటీ వరుసను వీటితోనే సాధన చేయండి.

ప్రశ్న: డ్రమ్స్ బాగానే వాయిస్తున్నట్టు ఉంది గానీ కిక్ ఒక గదిలో, స్నేర్ మరొక గదిలో, సింబళ్ళు వీధిలో ఉన్నట్టు వినిపిస్తోంది. పాటలో మృదంగం కూడా ఉంది, కిక్ మొదలవగానే మృదంగం మాయమవుతోంది.
– ఒక పాఠకుడు, చంద్రగిరి

సమాధానం: అసలు డ్రమ్స్‌ను రికార్డు చేసేటప్పుడు ఒక్కొక్క వాయిద్యానికి దగ్గరగా ఒక మైకు పెడతారు, తలమీదుగా రెండు మైకులు వేలాడదీస్తారు, గదిలో దూరంగా మరొకటో రెండో నిలబెడతారు. పైనున్న ఓవర్‌హెడ్ మైకులలో సింబళ్ళే కాదు, స్నేర్, టామ్‌లు, కిక్ అన్నీ వినబడతాయి. ఆ కలగలుపే డ్రమ్స్‌ను ఒకే వస్తువుగా కలిపి కట్టేది. మీరు బహుశా శుభ్రంగా ఉండాలని వాటిని తగ్గించివేసి దగ్గరి మైకులతోనే నడిపిస్తున్నారు. తిరగేసి చేయండి: ముందు ఓవర్‌హెడ్‌లను, గది మైకులను మాత్రమే పెట్టుకుని డ్రమ్స్ మొత్తం తృప్తిగా వినబడేదాకా సర్దండి, ఆ తరువాత దగ్గరి కిక్‌నూ స్నేర్‌నూ కావలసినంతే కలపండి. ధ్వని సెకనుకు 343 మీటర్లు పోతుంది, అంటే మీటరు దూరానికి 3 మిల్లీసెకన్లు. స్నేర్ శబ్దం ఓవర్‌హెడ్‌కు ఆ మాత్రం ఆలస్యంగా చేరడం సహజమే గనుక తరంగాలను పక్కపక్కన పెట్టి సరిచేసే పనికి పోవద్దు. స్నేర్ పలచబడిందనిపిస్తే పోలారిటీ మీట (తరంగాన్ని తలకిందులు చేసేది) ఒకసారి తిప్పి, ఏది నిండుగా ఉంటే అది ఉంచండి. విడి సాంపిళ్ళతో కూర్చినవారికి గది మైకులు ఉండవు కాబట్టి, అన్నింటినీ ఒకే చిన్న గది రివర్బ్‌కు (గది ప్రతిధ్వనిని కల్పించే పరికరానికి), అర సెకను చుట్టుపక్కల నిడివితో, కొద్దికొద్దిగా పంపాలి. ఒక్కొక్క దానికి ఒక్కొక్క రివర్బ్ పెడితేనే మీరన్న మూడు గదులు తయారవుతాయి.

మృదంగం సంగతి వేరు. దాని తొప్పి వైపు నాదమూ, కిక్ నాదమూ ఒకే మంద్ర ప్రాంతంలో పోట్లాడుకుంటాయి. మంద్ర, తార స్థాయిలను సర్దే ఈక్వలైజరుతో రాజీ కుదర్చవచ్చు గానీ, నా మట్టుకు నేను కిక్‌నే తగ్గిస్తాను, కొన్ని చోట్ల తీసివేస్తాను కూడా. సంప్రదాయ కీర్తనకు రెండు మంద్రాలు అవసరం లేదు.

ప్రశ్న: మా ఊరి జాతరలో వినిపించే పలకల (డప్పు లాంటి తోలు వాయిద్యాల) మోత ఏ సాఫ్ట్‌వేరులోనూ దొరకడం లేదు. డప్పు అని ఉన్నది పెడితే ఆ అదురు రావడం లేదు. మేమే రికార్డు చేసుకోవచ్చా? ఒక పలకనే పది ట్రాకులుగా కాపీ చేస్తే గుంపు వాయించినట్టు వస్తుందా?
– కొందరు మిత్రులు, తిరుపతి గ్రామీణం

సమాధానం: ఈ ఉత్తరం చదివి సంతోషించాను. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషాల వెంట నడిచే ఆ మోతను ఎవరో ఎక్కడో చేసిన సాంపిళ్ళలో వెతకడం కన్నా, వాయించేవారిని పిలిచి రికార్డు చేసుకోవడమే మేలు. వాయించినందుకు డబ్బు ఇవ్వండి, ఆ శబ్దాన్ని ఏయే పాటలలో వాడబోతున్నారో ముందే చెప్పి ఒప్పించండి. ఈ పని చాలామంది మరిచిపోతారు.

పలకను మంట దగ్గర కాచిన తరువాతనే తోలు బిగిసి, ఆ గణగణ వస్తుంది. అది చల్లారుతున్నకొద్దీ శ్రుతి దిగజారుతుంది. మొదటిసారి నేను ఈ సంగతి పట్టించుకోకుండా గంటసేపు ఏకబిగిన రికార్డు చేశాను. తీరా సాంపిళ్ళను పక్కపక్కన వాయిస్తే ఒకటి గణమని, ఒకటి బొద్దుమని పలికాయి. నాలుగైదు నిమిషాలు రికార్డు చేసి మళ్ళీ కాపుకు పంపండి, ప్రతి విడతలోనూ మొదట ఒక మామూలు దెబ్బ కొట్టించి ముందటిదానితో పోల్చుకోండి. మంట బయట, మైకు లోపల ఉండాలి. గోడలకు పరుపులు ఆనించిన గదిలో, పలకకు మీటరు దూరాన మైకు పెట్టి, 24 బిట్లలో, అతి గట్టి దెబ్బ కూడా మైనస్ 10 డెసిబెళ్ళు దాటకుండా చూసుకోండి. పలకకు రెండు పుల్లలు ఉంటాయి: ఒక చేతిలో పొట్టిది, లావుది, రెండో చేతిలో సన్నగా పొడుగ్గా ఉండేది. రెండింటి శబ్దం వేరు గనుక వేరుగా తీయండి. ఒక్కొక్క పుల్లతో నాలుగు బలాలలో, ఒక్కొక్క బలానికి ఆరు దెబ్బలు చొప్పున తీసుకుంటే పుల్లకు 24 అవుతాయి. వాటిని సాంపిలరులో (సాంపిళ్ళను పలికించే సాఫ్ట్‌వేరులో) 1–40, 41–75, 76–105, 106–127 వెలాసిటీలకు పంచి, ప్రతి అంతస్తులోని ఆరూ వంతులవారీగా పలికేలా పెట్టండి. దీనికే రౌండ్ రాబిన్ అని పేరు. ఇది లేకపోతే వేగంగా కొట్టేచోట ఒకే దెబ్బ పదేపదే పడి మిషను తుపాకీలా వినిపిస్తుంది. ఆరింటినీ సమానమైన ఎత్తుకు నార్మలైజ్ మాత్రం చేయకండి, వాటి మధ్యనున్న చిన్న తేడాల కోసమే కదా ఇంత శ్రమపడ్డది.

కాపీ చేస్తే గుంపు రాదు. ఒకే ట్రాకును రెండుగా పెడితే అదే పలక 6 డెసిబెళ్ళు హెచ్చుగా మోగుతుంది, అంతే. కాపీని కొద్దిగా జరిపితే గొట్టంలోంచి వస్తున్నట్టు బోలుగా వినిపిస్తుంది. గుంపు కావాలంటే ఆరుసార్లు వేరువేరుగా వాయించి రికార్డు చేయాలి. మనుషులు ముగ్గురే ఉంటే ఒక్కొక్కరు రెండుసార్లు, రెండోసారి వేరే పలక పట్టుకుని, నిలుచున్న చోటు మారి. అందరికన్నా ముందు నడిచే పలకను మధ్యలో ఉంచి, మిగిలిన వాటిని ఎడమకూ కుడికీ పరచండి. ముందు నడిచే ఆయన ఎవరో మీకు ఎవరూ చెప్పనక్కరలేదు, రికార్డింగు మొదలుపెట్టగానే మిగిలినవారి కళ్ళు ఎటు తిరుగుతాయో చూస్తే తెలుస్తుంది.